నేను మోసిన గంజి

మా అత్తగారు బియ్యం కొలిస్తే తవ్వ మీద గోపురం లేవాలి. ఆ గోపురంలోంచి నాలుగు గింజలు జారి చేటలో పడినా ఫరవాలేదు గాని, అరచేత్తో తలగొట్టి చదును చేస్తే ఇంటికి అరిష్టం. మార్చి ఒకటో తారీకు పొద్దున్న, ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని చూస్తూండగానే, నేను తవ్వకు తలగొట్టాను.

"అయ్యో, అయ్యో! లక్ష్మీదేవిని నెత్తి మీద చెయ్యి పెట్టి తోసేస్తున్నావుటే!"

"తోసెయ్యడం లేదత్తయ్యా. తలుపు వేసి లోపల కూచోబెడుతున్నాను."

"చదువుకున్న నోరు," అన్నారావిడ గోడతో.

ఆ నెల మా సంసారం ఆ తలగొట్టిన తవ్వ మీదే నిలబడి ఉంది. ఎందుకో చెప్తాను.

మేముండేది బందరులో. మా ఆయన కోర్టులో గుమాస్తా. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంటికి బియ్యం అవనిగడ్డ అవతల ఊళ్ళో ఉన్న మా బావగారి దగ్గర్నుంచి వచ్చేవి. ఉన్న కాస్త మాగాణిలో అది మా ఆయన వంతు. యుద్ధం వచ్చాక ధాన్యం కదలాలంటే పర్మిట్టు కావాలి. పర్మిట్టు కోసం బావగారు తిరిగిన తిరుగుళ్ళకి చెప్పులరిగాయి గాని బస్తా కదలలేదు. ఇక బియ్యం కూడా కొట్లోనే కొనుక్కోవాలి. జీతం మాత్రం యుద్ధం సంగతి ఎరగనట్టు ఉన్నచోటే ఉంది. జనవరిలో ఇరవయ్యో తారీకుకే డబ్బాలు మోగాయి. ఫిబ్రవరిలోనూ మోగాయి.

ఆ మోత ఏటి మీది పులిగడ్డ రేవు దాటి మా అత్తగారికి ఎలా వినపడిందో నాకు ముందు అర్థం కాలేదు. ఫిబ్రవరి ఆఖర్లో ఒక మధ్యాహ్నం, పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సు మసి మొహాన, చేతిలో మరచెంబుతో, ఆవిడ గుమ్మంలో దిగారు. కాళ్ళు కడుక్కుని, పిల్లని ఎత్తుకుని, వచ్చిన పని చెప్పారు.

"నిన్నూ పిల్లనీ తీసుకెళ్తానే. బియ్యం మనుషులున్న చోటికి రానంటున్నాయి. అలాంటప్పుడు మనుషులే బియ్యం ఉన్న చోటికి వెళ్ళాలి. యుద్ధం అయిందాకా వాడు పూటకూళ్ళమ్మ దగ్గర తింటాడు."

"ఆవిడ దగ్గరా?" అన్నారాయన. "ఆ సందులో అడుగు పెట్టలేమమ్మా. పొద్దున్నే అంతంత గుండిగలు వార్చి కాలవలో పోస్తుంది. మొన్న మా హెడ్ గుమాస్తాగారు ఆ గంజి మీద జారి పడ్డారు."

"నువ్వు చూసుకుని నడువు," అన్నారావిడ.

ఆవిడ మాటలో న్యాయం లేదని నేను చెప్పను. ఊళ్ళో గాదె నిండా వడ్లున్నాయి. ఇక్కడ నేను డబ్బా అడుగున గరిటెతో గీకుతున్నాను. ఎవరిని అడిగినా వెళ్ళమనే అంటారు. కాని కిందటి శ్రావణంలో నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. పిల్లకి అప్పుడు పదినెలలు. ఒళ్ళు పెనంలా కాలిపోయే జ్వరం వచ్చింది. డాక్టరు ఏటికి ఇవతల. ఏరు పొంగి రేవు కట్టేశారు. రెండు పగళ్ళు పిల్లని భుజాన వేసుకుని గట్టు మీద నిలబడి, అవతలి ఒడ్డు చూస్తూ ఉన్నాను. పడవవాళ్ళు నా మొహం చూడడం మానేశారు. మూడో రోజు జ్వరం దానంతట అదే దిగింది. దేవుడి దయ అన్నారందరూ. అయ్యుండవచ్చు. కాని మళ్ళీ దేవుడికి అంత శ్రమ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. డాక్టరు ఉన్న ఒడ్డునే నా పిల్ల పెరగాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఆ సాయంత్రం ఆయన భోజనం చేస్తూండగా చెప్పేశాను.

"నేను రానత్తయ్యా."

"రాక? ఇక్కడ గాలి భోంచేస్తావా?"

"ఒక్క నెల చూడండి."

"ఏం చూడను? మావాడు ఉత్తరాల్లో రాస్తూనే ఉన్నాడుగా, ఇరవయ్యో తారీకుకి డబ్బాలు మోగుతున్నాయని."

నేను ఆయన వైపు చూశాను. ఆయన విస్తరి మీదికి వంగి, చారన్నంలో ఏదో పోగొట్టుకున్నవాడిలా వెతుక్కుంటున్నారు. మోత రేవు ఎలా దాటిందో అప్పుడు తెలిసింది.

అత్తగారు కాసేపు ఆలోచించారు. ఊళ్ళో ఆవిడతో పులిజూదం, అదే పులీ మేకా ఆట, ఆడడానికి మగవాళ్ళు కూడా జంకుతారు.

"సరే, విను. ఒకటో తారీకు కొట్టునుంచి సరుకులు తెచ్చుకో. ముప్ఫై ఒకటి దాకా మళ్ళీ ఆ కొట్టు మెట్టెక్కకూడదు. ఇరుగింట్లో అప్పు తేకూడదు. గుడివాడకి ఉత్తరం రాయకూడదు. పిల్ల చిక్కకూడదు. ఈ నాలుగింట్లో ఏది తప్పినా మర్నాడు బస్సెక్కాలి."

గుడివాడ అంటే మా పుట్టిల్లు. నాన్నగారు స్కూలు మేష్టారు. ఒక కార్డు ముక్క రాస్తే తన కడుపు మాడ్చుకునైనా మూట కట్టి పంపుతారు. అందుకే రాయకూడదని నేనూ అనుకున్నాను.

"నాలుగూ ఒప్పుకున్నాను."

"నేనిక్కడే ఉండి చూస్తాను."

"ఉండండి. తినే మనుషులు పెరిగినకొద్దీ గెలుపు గట్టిగా ఉంటుంది."

తరవాత ఆయన నా పక్కకి వచ్చి మెల్లిగా, "మార్చి ఎందుకొప్పుకున్నావోయ్? ముప్ఫై ఒక్క రోజులు. ఇదే ఫిబ్రవరి అయితే మూడు రోజులు కలిసొచ్చేవి," అన్నారు. ఈ పందెంలో ఆయన నాకు చేసిన సాయం ఆ లెక్క ఒక్కటే.

ఇక మొదలుపెట్టాను. తవ్వకు తలగొట్టడంతో ఆగలేదు. బియ్యం జల్లించి నూకలు వేరు చేసేదాన్ని. అత్తగారు ఒంటిపూట భోజనం చేసే మనిషి. రాత్రికి పలహారం కావాలి. ఆ నూకలతో, గుప్పెడు పెసరపప్పు వేసి, ఉప్పుడుపిండి చేసేదాన్ని. బాగుందని ఆవిడ ఒక్కనాడూ అనలేదు. గిన్నె మాత్రం గీకేవారు.

మా పెరటి బావి నీళ్ళు ఉప్పన. వాటిలో కందిపప్పు ఎంతసేపు ఉడికినా పప్పులు పప్పులుగానే ఉంటుంది. అది ఉడికేలోగా మోపెడు కట్టెలు బూడిదవుతాయి. అందుకని వీధి కుళాయి నీళ్ళు పట్టి ముందురోజే పప్పు నానవేయడం మొదలుపెట్టాను. సరుగుడు కట్టెలు మానేసి ఊక పొయ్యి పెట్టాను. పాత కిరసనాయిలు డబ్బాకి అడుగున పక్కగా కన్నం చేసి, మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ మిల్లు ఊక కూరి రోకలి లాగేస్తే చాలు. ఒకసారి అంటించామంటే రెండు వంటలు అయ్యేదాకా మండుతుంది. పొగ పడితే కళ్ళు మండుతాయి. మండనీ అనుకున్నాను.

పప్పు సగం చేసి ఆకు రెట్టింపు చేశాను. పెరట్లో మునగాకు ఉంది. కాలవ గట్టున పొన్నగంటి కూర ఎవరూ పాతకుండానే మొలుస్తుంది. బీరకాయ కొన్న రోజు కూర ఆయనకి, తొక్కు పచ్చడి మాకు. అరటికాయ తొక్కలూ అంతే, ఉడకబెట్టి, చింతపండు, ఎండుమిరపకాయలు వేసి నూరేదాన్ని. వంకాయ ముచ్చిక తప్ప ఆ వంటింట్లోంచి ఏదీ బయటికి పోలేదు. వారానికి రెండుసార్లు ఉలవలు ఉడికించి, ఆ నీళ్ళు చారు కాచి, గింజలు గుగ్గిళ్ళు చేసేదాన్ని.

రెండో వారం ఉలవలు చూసి అత్తగారు అన్నారు: "ఎద్దులకి పెట్టేదంతా మనుషులకి పెడుతున్నావు. రేపు జనపకట్ట తెచ్చి విస్తట్లో వేస్తావా?"

"దానికి తాలింపు ఎలా పెట్టాలో చెప్పండి, వేస్తాను."

ఆయన పొలమారి దగ్గారు. నవ్వు ఆపుకున్నారో, భయపడ్డారో తెలియలేదు.

అన్నింటికంటే నాకు గర్వంగా ఉన్నది గంజి విషయం. మా పెరట్లో గోడవారగా ఒక రాతి తొట్టి ఉంది. బియ్యం కడిగిన నీళ్ళూ, వార్చిన గంజీ, కూరల తొక్కలూ అన్నీ అందులో పోస్తాం. అదే కుడితి. సాయంత్రం మాకు పాలు పోసే ఆవిడ వచ్చి, కడవతో తోడుకుని తన గేదెకి పట్టుకెళ్తుంది. ఈ వీధిలో ప్రతి ఇంటా ఇదే అలవాటు. దానికి ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు. ఇవ్వరనే నేననుకున్నాను. అన్నం సత్తువంతా గంజిలో ఉండగా, దాన్ని రోజూ ఊరికే పారబోస్తున్నామని తోచి, తొట్టి దారి మూసేశాను. పొద్దుటి గంజిలో ఉప్పూ జీలకర్రా వేసుకుంటే రాత్రి నాకు అదే భోజనం. మిగిలింది కుండలో పులియబెడితే తరవాణి. మర్నాడు పొద్దున్న ఆయన చద్దన్నంలోకి అదే. రాత్రిపూట బియ్యం సోల, అంటే తవ్వలో సగం, తగ్గింది. నెలకి ముప్ఫై ఒక్క సోలలు. నేను కాలేజీలో అర్థశాస్త్రం చదువుకున్నదాన్ని. ఈ తరం ఆడపిల్లలు చదువుకుంటే ఇళ్ళు పాడవుతాయనే వాళ్ళందర్నీ పిలిచి ఆ బియ్యం డబ్బా చూపించాలనిపించేది.

పదిహేనో తారీకున డబ్బాలో సగానికి పైగా బియ్యం ఉన్నాయి. ఆ రోజే అత్తగారు పిల్లకి నీళ్ళు పోస్తూ నన్ను కేకేశారు.

"అమ్మాయ్, ఇలా రా. పిల్లదాని మొలతాడు జారుతోంది."

వెళ్ళి చూశాను. నడుముకి ఆనుకుని ఉండవలసిన నల్లతాడు తుంటి మీదికి దిగి ఉంది. తాడులోకి రెండు వేళ్ళు పెట్టాను. మూడోదీ పట్టింది. ఏటిగట్టు మీద నిలబడ్డ ఆ రెండు రోజులూ ఒక్కసారిగా తిరిగొచ్చాయి.

ఆవిడ ముడి విప్పి, లాగి, బిగించి కట్టారు. "నాలుగోది గుర్తుందిగా?" అన్నారు.

"ఇంకా పదహారు రోజులున్నాయి," అన్నాను. గొంతు పెద్దదిగానే వచ్చింది. లోపల ధైర్యం మాత్రం లేదు.

పిల్ల తిండి నేను తగ్గించలేదు. దాని పప్పన్నంలో నెయ్యి తగ్గించలేదు. మరేం తగ్గింది? వారం పైగా పెరుగు గరిట మీద నిలవకుండా జారిపోవడం గుర్తొచ్చింది. కాచిన పాల మీద మీగడ ఉల్లిపొర మందాన కూడా లేదు. పాలావిడ కొలిచి పోశాక, "చంటిదానికి" అంటూ చెంబు వంచి ఇంకో ధార పోసేది. ఆ కొసరు ఎప్పుడు ఆగిపోయిందో నేను చూసుకోనే లేదు. నాకు దొంగ దొరికింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ గుమ్మంలో చెంబు దించగానే మాట అందుకున్నాను.

"ఏమ్మా, నీ గేదె పాలిస్తోందా, కుళాయి తిప్పుతోందా?"

ఆవిడ వయసులో నాకంటే చాలా పెద్దది. నలుగురు పిల్లల్ని పెంచింది. అరిచి గోల చేస్తుందనుకున్నాను. అరవలేదు. పాలచెంబు మీద మూత పెట్టి నా మొహంలోకి చూసింది.

"నీళ్ళు నేను కలపలేదండి అమ్మాయిగారూ. మీరే కలిపారు."

"నేనా!"

"రండి చూపిస్తా."

పక్క సందులోంచి పెరట్లోకి తీసుకెళ్ళి తొట్టిలో చెయ్యి ముంచింది.

"చూడండి. అడుగు రాయి కనపడతంది. కుడితి తొట్లో అడుగు కనపడొచ్చా అండీ? ఇదివరకు ఇందులో చెయ్యి పెడితే మోచేతి దాకా తెల్లగా పట్టేది. ఇప్పుడు చెయ్యి కడుక్కున్నట్టుంది. నా గేదె ఇందులో మూతి పెట్టి, నా మొహం చూసి, మూతి తీసేత్తంది."

"తవుడు కలిపి పెట్టొచ్చుగా?"

"తవుడా? తవుడు ఇప్పుడు మనుషులు తింటన్నారండీ. ఈ వీధిలో అందరి తొట్లూ ఎండిపోయాయి. మీదొక్కటే నమ్ముకున్నా."

"మరి కొసరు ఎందుకు మానేశావు?"

"ఆ కొసరు నాదెక్కడిదండీ? మీ కుడితిదే. నా చేత్తో పోసేదాన్ని, అంతే."

వెనకాల నవ్వు వినిపించింది. అత్తగారు పిల్లని చంకనెత్తుకుని దొడ్డి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"మూడో రోజే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మేకని ఎక్కడ పెట్టాలో పులి చెప్తుందిటే? అయినా, కాలేజీలో చెప్పే ఉంటారనుకున్నాను."

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. అందులో పెద్ద వాటా నా మీదే. ఎవరూ ధర కట్టనిదానికి విలువ లేదనుకోవడం ఎంత తెలివితక్కువ! మా గంజి గోడ దాటి వెళ్ళి, గేదె కడుపులో పాలై, పొద్దున్నే నా పిల్ల గిన్నెలోకి తిరిగి వస్తోంది. వీధి వీధంతా ఏళ్ళ తరబడి చేస్తున్న వ్యాపారం అది, మాట లేకుండా, కాగితం లేకుండా. దుబారా అని పేరు పెట్టి దాన్ని తెంచింది నేను.

తెంచినదాన్ని మళ్ళీ కలపడం కూడా తేలిక కాదు. గంజి తొట్టికి పోస్తే రాత్రికి సోల బియ్యం పెరుగుతాయి. డబ్బా ఇరవై ఆరుకో ఇరవై ఏడుకో మోగుతుంది. కొట్టు మెట్టెక్కాలి. పొయ్యకపోతే మొలతాడు జారుతుంది. అటు చూసినా బస్సే, ఇటు చూసినా బస్సే. ఆ పూట అన్నం వార్చి, గంజి గిన్నె చేత్తో పట్టుకుని, తొట్టికీ వంటింటికీ మధ్య చాలాసేపు నిలబడ్డాను. అత్తగారు చూస్తున్నారని తెలుసు. తిరిగి చూడలేదు.

అప్పుడు హెడ్ గుమాస్తాగారు జారిపడ్డ సంగతి గుర్తొచ్చింది.

పూటకూళ్ళ ఇల్లు మాకు రెండు వీధులవతల. స్టూడెంట్లూ, కోర్టు గుమాస్తాలూ అక్కడ తింటారు. నడిపే ఆవిడ అరవై దాటిన వితంతువు. ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది. నేను వెళ్ళేసరికి రెండు గుండిగలు వార్చి ఉన్నాయి. తూములోంచి చిక్కటి గంజి ఆవిర్లు కక్కుతూ కాలవలోకి పోతోంది. నా పిల్ల నడుమూ, మీగడా, కొసరూ అన్నీ ఆ కాలవలో పోతున్నట్టు అనిపించింది.

అడిగాను. ఆవిడ నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"మీ ఆయన్ని నా దగ్గర భోజనానికి పెడతారని విన్నానే. గంజికి నువ్వొచ్చావేమిటి?"

"ఆయన్ని మీకప్పగించకుండా ఉండడానికే గంజికి వచ్చానండీ."

ఆవిడ పగలబడి నవ్వింది. "పోయిన ఏడు నా ఆవు పోయిందమ్మా. అప్పట్నించీ కాలవే తాగుతోంది. పట్టుకెళ్ళు. అయితే ఒక మాట. నా మడి పెరట్లోకి పాలావిడనీ, పనిమనిషినీ రానివ్వను. వీధిలోకి తెచ్చిపొయ్యడానికి నా దగ్గర మనిషి లేదు. నువ్వే తడిబట్ట కట్టుకుని వచ్చి, నువ్వే మోసుకెళ్ళాలి. పదింటికి. ఆలస్యమైతే నేను ఆగను."

ఇంటికొచ్చి, మన గంజి మనకే, ఆవిడ గంజి తొట్టికి అని చెబితే అత్తగారు మొదట నమ్మలేదు.

"అప్పు తేకూడదన్నాను."

"అప్పయితే తిరిగి ఇవ్వాలి కదత్తయ్యా. ఇది కాలవలో పోసేది."

"వీధిలో కుడితి కడవ మోస్తావా? మా వంశంలో ఏ ఆడదీ ఆ పని చెయ్యలేదు."

"చెయ్యవలసిన అవసరం రాలేదు. వచ్చుంటే నాకంటే మీరే బాగా మోసేవారు."

ఆవిడ పిల్లని ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. ఇంతవరకూ మాటల్లో ఆవిడ నన్ను ఓడించని సందర్భం అదొక్కటే.

ఆయన మాత్రం బెంబేలెత్తిపోయారు. "సరే, మొయ్యి. కాని పెరటి సందులోంచి రాకూడదూ? పదింటికి మావాళ్ళంతా ఆ పెద్ద వీధిలోనే కదా కోర్టుకి వెళ్ళేది..."

"సందులోంచి రెండింతల దూరం. గంజి కాలుతూ ఉంటుంది."

ఇది నిజమే. కాని పూర్తి నిజం కాదు. సందులోంచి వెళ్తే నేను తప్పు చేస్తున్నట్టు నేనే ఒప్పుకున్నట్టవుతుంది. పిల్లకి పాలు సంపాదించడం ఏ కోర్టులో తప్పు?

మర్నాటి నుంచి పదింటికి మట్టికడవ చంకన పెట్టుకుని పెద్ద వీధిలోంచి వచ్చాను. కోట్లూ తలపాగాలూ ఎదురయ్యాయి. కొందరు తల తిప్పుకున్నారు, కొందరు తిప్పుకోలేదు. మూడో రోజు ఒక ప్లీడరుగారి భార్య అరుగు మీదనుంచి పలకరించింది.

"ఏమమ్మా, గేదెని కొన్నారా?"

"కొనలేదండీ. దత్తత తీసుకున్నాం."

మొదటి వారం నడుం పక్కన చర్మం కమిలి బొబ్బలెక్కింది. తడిగుడ్డ మడతపెట్టి కడవ కింద వేసుకున్నాను. ఇంటికి వచ్చి తొట్టిలో పొయ్యగానే అత్తగారు బావి వైపు వేలు చూపించేవారు. మళ్ళీ స్నానం చేస్తేగాని వంటింటి గడప తొక్కకూడదు. రోజుకి రెండు స్నానాలు చేశాను. దానికేం కొట్టు మెట్టెక్కనక్కర్లేదు కదా.

నాలుగైదు రోజులు ఏ మార్పూ లేదు. పిల్లని ఎత్తుకున్నప్పుడల్లా నా చెయ్యి మొలతాడు మీదికే పోయేది. వేలు పడుతోందా, ఎంత పడుతోంది అని. అది గిలిగింతలనుకుని నవ్వేది. అది నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చేది. ఆరో రోజు పాలావిడ తొట్టి దగ్గర చెయ్యి ముంచి, మోచేతి దాకా తెల్లబడ్డ ఆ చేతిని నాకు గాజుల్లాగా చూపించింది.

"నా గేదె తాడు విప్పితే మీ పెరటికే వచ్చేట్టుందండి అమ్మాయిగారూ."

మర్నాడు కొలిచి పోశాక చెంబు మళ్ళీ వంగింది. "చంటిదానికి," అంది. నేను గిన్నె ఇంకాస్త ముందుకు పట్టాను. దొంగలా నిలదీసినదాన్ని. క్షమించమని అడగడం నాకు రాలేదు. ఆ రోజు నుంచి వంకాయ ముచ్చికలతో బాటు బీరతొక్కులో సగం కూడా తొట్టికే వేశాను. ఆవిడకి అర్థమై ఉంటుంది.

నెలాఖరు సుఖంగా జరిగిందని చెబితే అబద్ధం. ఇరవై నాలుగున చింతపండు అయిపోయింది. మామిడి పిందెలు దిగుతున్న రోజులు కనక వాటితో పప్పూ చారూ గడిపాను. ఇరవై తొమ్మిదిన నూనె అయిపోయింది. తాలింపు గింజలు వట్టి మూకుట్లో వేయించి పొడి చేసి చల్లాను. ఆయన తిని, "ఇది కొత్తగా ఉందే," అన్నారు. పాపం, పెద్ద అబద్ధం. ముప్ఫై ఒకటో తారీకు రాత్రి వంటకి పెట్టాక డబ్బాలో తవ్వ పైన ఇంకో గుప్పెడు బియ్యం మిగిలాయి. ఆ మిగిలినవి తవ్వలో పోసి, అత్తగారి ముందు పెట్టి, ఈసారి తలగొట్టకుండా వదిలేశాను. చిన్న గోపురం లేచింది.

ఆవిడ దాని వైపు చూడనే లేదు. పిల్లకి ఒళ్ళు తుడుస్తున్నారు.

"ఎవరే ఈ మొలతాడు ఇంత బిగించి కట్టింది? నడుం కోసుకుపోతోంది, చూడు, ఎర్రగా గీత పడింది."

"మీరే కట్టారత్తయ్యా. పదిహేనో తారీకున."

ఆవిడ తాడు వదులు చెయ్యబోయారు. ముడి బిగుసుకుపోయి గోటికి రాలేదు. వంగి పంటితో పట్టి విప్పారు. తన రెండు వేళ్ళూ పిల్ల నడుముకీ తాడుకీ మధ్య పెట్టి, ఆ ఖాళీ వదిలి మళ్ళీ ముడి వేశారు. పెరగడానికి వదిలే ఖాళీ అది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

మర్నాడు బస్సు దగ్గర, డ్రైవరు బొగ్గు పొయ్యి రాజేస్తూండగా అడిగారు: "ఊళ్ళో అడిగితే ఏం చెప్పమంటావు?"

"గంజి మోసిందని చెప్పండి."

"నేను చెప్తాననుకున్నావా?" అని బస్సెక్కారు, ఒక్కరే.

రెండు వారాల తరవాత బావగారి ఉత్తరం వచ్చింది. ఆవిడ ఊరంతా చెప్పారట. ఆవిడ చెప్పే కథలో నేను మోసే గంజి రెండు కడవలైంది. గేదె ఈ పాటికి ఏనుగంత అయి ఉంటుంది. "మీ అమ్మగారికి ఇష్టం లేని కోడలు" అని మొన్నటిదాకా నన్ను అన్నవాళ్ళకి ఇప్పుడు ఏమనాలో తోచడం లేదని బావగారు రాశారు.

యుద్ధం అయిపోలేదు. పర్మిట్టు రాలేదు. నాకు భయమూ పోలేదు. పిల్ల దగ్గితే ఇప్పటికీ లేచి కూర్చుంటాను. కాని డాక్టరు ఇల్లు నాలుగు వీధుల దూరంలో ఉంది, మధ్యలో ఏరు లేదు. ఇది రాయడానికి కిరసనాయిలు దండగ అనేవాళ్ళుంటే, ఈ బుడ్డిలో నూనె, పప్పు నానవేసి నేను మిగిల్చిన కట్టెల డబ్బుతో కొన్నదే. నా ఇష్టం వచ్చినంతసేపు వెలిగించుకుంటాను.

రేపు పదింటికి మళ్ళీ కడవ పట్టుకుని వెళ్ళాలి. పెద్ద వీధిలోంచే.